లాటిన్ శాసనాలూ – మన లఘుగురువులూ

ఈ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన విషయం లాటిన్. "లాటినా? మనవాళ్ళలో ఎవరు చదువుతారోయ్ అది?" అన్నాడు వారిలో ఒకడు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

నేను చరిత్రలో ఎమ్.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని. మన కళాశాలలో లాటిన్ శాఖ లేదు, చెప్పే మాస్టారు లేరు. అయినా రెండేళ్ళుగా హాస్టల్ గదిలో కూర్చుని, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే వనరులతో ఆ భాషను కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాను. పండితుణ్ణి కాను. దారి ఎక్కడ బాగుందో, నేనెక్కడ బోర్లాపడ్డానో మాత్రం చెప్పగలను. ఆ రెండూ తెలిస్తే వెనక వచ్చేవారికి కొంత శ్రమ తప్పుతుందని నా ఆశ.

1. నాణెం అడిగిన ప్రశ్న

బి.ఏ. చదివే రోజుల్లో ఒక మ్యూజియంలో రోమన్ వెండి నాణెం చూశాను. టైబీరియస్ చక్రవర్తిది (క్రీ.శ. 14–37). అటువంటి నాణేలు మన నేలలో చాలా దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడిన నిక్షేపంలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. మిరియాలకూ, మేలిబట్టలకూ, మణులకూ బదులుగా ఓడలెక్కి వచ్చిన వెండి అది. దాని పేరు లాటిన్‌లో దేనారియుస్. మన ‘దీనారం’ అక్కడిదే. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో సైతం ‘దీనారి’ అన్న మాట కనిపిస్తుంది.

ఆ నాణెం మీద రాజుగారి తల చుట్టూ అక్షరాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాలే గదా అని చదవబోయాను. అక్షరాలన్నీ తెలుసు, ఒక్క ముక్క అర్థం కాలేదు! తరువాత తెలిసింది, అవి ‘తి. కైసర్ దివి ఆగ్. ఎఫ్. ఆగుస్తుస్’ అని. అంటే ‘దివ్యుడైన ఆగుస్తుస్ కుమారుడు తిబేరియుస్ కైసర్ ఆగుస్తుస్’. అందులో ‘ఎఫ్.’ అన్న ఒంటి అక్షరం ‘ఫీలియుస్’, అనగా కొడుకు. ఒక్క అక్షరంలో ఒక వంశమంతా దాగి ఉందన్నమాట. ఈ ఒంటి అక్షరాల సంగతి గుర్తుంచుకోండి, నా పరువు తీసింది ఇటువంటి అక్షరమే.

2. వ్యాకరణం మనకు అంత పరాయిది కాదు

లాటిన్ అనగానే భయపడనక్కరలేదు. హైస్కూల్లో ‘రామః రామౌ రామాః’ వల్లించినవారికి విభక్తులు కొత్త కాదు. సంస్కృతంలోని పితృ, మాతృ, సప్త, దశ లాటిన్‌లో పతెర్, మాతెర్, సెప్తెమ్, దెకెమ్. ఈ చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ తన ప్రసంగంలో ఎత్తిచూపిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. మన ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి అక్కడా ఉన్నాయి. తృతీయ, పంచమి, సప్తమి చేసే మూడు పనులనూ లాటిన్ చాలావరకు ఒకే విభక్తితో నెట్టుకొస్తుంది.

ఇక వనరులు. వ్యాకరణానికి 1903లో వచ్చిన ఆలెన్, గ్రీనోల పుస్తకం పూర్తిగా ఉచితంగా చదువుకోవచ్చు. అమెరికాలోని డికిన్సన్ కళాశాలవారు దాన్ని చక్కగా పేజీలు విడగొట్టి పెట్టారు, కొన్ని కావ్యాలకు టీకలు కూడా చేర్చారు. నిఘంటువులకు షికాగో విశ్వవిద్యాలయం వారి ‘లోగియోన్’ ఉంది. 1879 నాటి లూయిస్, షార్ట్‌ల మహానిఘంటువు మొదలైనవి అందులో ఒక్కచోటే దొరుకుతాయి. 1980లలోనే మొదలై, టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న ‘పెర్సియస్’ గ్రంథాలయంలో మూలగ్రంథంలోని ఏ మాట మీద నొక్కినా దాని విభక్తి, వచనం చెబుతుంది. మూలాలకే అయితే ప్యాకార్డ్ హ్యుమానిటీస్ సంస్థ వారి లాటిన్ గ్రంథసంచయం ఉంది. క్రీ.శ. 200 వరకు వచ్చిన సాహిత్యం దాదాపు అంతా అందులో వెతుక్కోవచ్చు. ఈ వనరులలో నేను వాడినవి ఏవీ పైసా అడగలేదు.

అయితే యంత్రానికి ఒక పరిమితి ఉంది. ‘రొసై’ (గులాబీ) అన్న మాట నొక్కితే షష్ఠి ఏకవచనం, చతుర్థి ఏకవచనం, ప్రథమా బహువచనం, సంబోధన బహువచనం అని నాలుగు జవాబులు చూపిస్తుంది. నాలుగింటిలో ఏది అక్కడ అతుకుతుందో వాక్యం చూసి మనమే తేల్చుకోవాలి. మొదటి ఆరు నెలలు నేను పైన కనిపించిన జవాబునే పట్టుకుని అనువాదాలు చేశాను. అవి ఇప్పుడు చదువుకుంటే నవ్వు వస్తుంది. ఆ నోటుపుస్తకం ఎవరికీ చూపించను.

3. లఘువు – గురువు

పద్యం దగ్గరికి వచ్చేసరికి నాకు అసలు ఆశ్చర్యం కలిగింది. ఇంగ్లీషు పద్యం నడిచేది ఊనిక మీద. లాటిన్ పద్యం నడిచేది మన పద్యంలాగే లఘుగురువుల మీద. దీర్ఘముంటే గురువు. హ్రస్వం తరువాత హల్లులు జంటగా వస్తే ఆ హ్రస్వమూ గురువే. ఇంగ్లీషు బడిలో చదువుకున్నవారు నెలల తరబడి చెవికి పట్టించుకోవలసిన విషయం, ‘యమాతారాజభానస’ వచ్చిన మనకు చిన్ననాడే అబ్బింది.

మహాకవి వర్జిల్ ‘ఈనీడ్’ కావ్యమంతా రాసిన ఛందస్సు పేరు హెక్సామీటర్, అంటే ఆరు గణాల పాదం. మొదటి నాలుగు చోట్ల గురులఘులఘువు గాని, రెండు గురువులు గాని రావచ్చు. అయిదో చోట దాదాపు ఎప్పుడూ గురులఘులఘువే. ఆరో చోట రెండక్షరాలు, చివరిది ఏదైనా సరే. తెంపొర (కాలాలు), కార్మిన (గీతాలు), ఫ్లూమిన (నదులు) వంటి మాటలు మొదటి రకం. రేగేస్ (రాజులు) రెండో రకం.

ఈ నియమాన్ని కాగితం మీద వేసుకుని కుస్తీ పడుతుంటే, తెలుగు ఎమ్.ఏ. చదివే మా గది మిత్రుడు భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఒరే, ఇవి కందం గణాలే గదరా!" అన్నాడు.

"కందమేమిట్రా, రోమ్ వాళ్ళకి?"

"గగ, భ, జ, స, నల. కందానికి అయిదూ నాలుగేసి మాత్రల గణాలు. మీ వాళ్ళు వాటిలో తలలో గురువున్న రెండే ఉంచుకున్నారు. గగ, భ. అంతే!"

లెక్కపెట్టి చూస్తే వాడన్నది నిజమే. భగణం నాలుగు మాత్రలు, రెండు గురువులూ నాలుగు మాత్రలే. కందంలో ఆరో గణం జగణమో నలమో కావాలన్న కట్టుబాటు ఉన్నట్లే ఇక్కడ అయిదో గణానికి కట్టుబాటు. మొదటి నాలుగు గణాల్లో రెండేసి వీలులుంటే మొత్తం పదహారు నడకలు. పాదంలో తక్కువలో తక్కువ పదమూడు, ఎక్కువలో ఎక్కువ పదిహేడు అక్షరాలు. ఇందులో ఏ ఒక్కదాన్నీ కంఠస్థం చేయనక్కరలేదు, చేతివేళ్ళ మీద వచ్చేస్తుంది. రోమ్ వారు మన దగ్గర నేర్చుకున్నారనో, మనం వారి దగ్గర నేర్చుకున్నామనో నేను అనటం లేదు. ఈ పద్ధతికి పేరేదైనా చెవి మాత్రం ఒకటే అంటున్నాను.

తేడాలూ ఉన్నాయి. నేను తప్పులు చేసింది అక్కడే.

మొదటిది: పొల్లు. తెలుగులో పొల్లుహల్లు వెనక ఉన్న అక్షరం గురువే అని మనకు అలవాటు. లాటిన్‌లో మాట చివరి హల్లు, తరువాతి మాట అచ్చుతో మొదలైతే, దానితో కలిసిపోతుంది. ‘అమీకుస్’ (మిత్రుడు) తరువాత హల్లు వస్తే ‘కుస్’ గురువు, అచ్చు వస్తే ‘కు’ లఘువు. ఇది తెలియక నెల రోజులు ప్రతి పాదంలోనూ ఒక మాత్ర ఎక్కువ తెచ్చుకున్నాను.

రెండోది: సంధి. అచ్చుతో ముగిసే మాట తరువాత అచ్చు వస్తే మొదటి అచ్చు లోపిస్తుంది. మనకు తెలిసిన ఉత్వసంధి లాంటిదే. కాని మనం లోపించినదాన్ని రాయము, వాళ్ళు రాసి ఉంచి చదవటంలో లోపింపజేస్తారు. చివర ‘మ్’ ఉన్నా అంతే, ఆ ‘మ్’ అరసున్నలాగా పలుచబడి అచ్చుతో సహా జారిపోతుంది.

మూడోది: యతి. వాళ్ళ పాదం మధ్య ఒక విరుపు ఉంటుంది. అది సంస్కృతంలోని విరామయతికి దగ్గర, మన అక్షరమైత్రి కాదు. నేను చాలా రోజులు వర్జిల్ పాదాలలో యతిమైత్రి వెతికాను!

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది: లాటిన్ రాతలో మామూలుగా దీర్ఘం కనపడదు. మన లిపిలో ‘కల’కూ ‘కాల’కూ తేడా కంటికే తెలుస్తుంది. అక్కడ మలుస్ (చెడ్డవాడు), మాలుస్ (ఆపిల్ చెట్టు) రెంటినీ ఒకే విధంగా రాస్తారు. నిఘంటువులో అక్షరం మీద గీత చూసి తెలుసుకోవాలి. కొందరు శాసన లేఖకులు మాత్రం దీర్ఘాచ్చు మీద ఏటవాలుగా చిన్న గీత చెక్కేవారు. అందుకే నేను ప్రతి లాటిన్ మాటనూ ముందు తెలుగు లిపిలో రాసుకుంటాను. గురువెక్కడో లఘువెక్కడో మన గుణింతమే చెబుతుంది.

ఇది వట్టి లెక్కల సరదా కాదు. ‘రొస’ అంటే ప్రథమ, ‘రొసా’ అంటే పంచమి. రాతలో రెండూ ఒకటే. పద్యంలో ఆ చోట గురువు కావాలని తేలితే అది పంచమి అని రుజువైనట్టే. అంటే ఛందస్సు వ్యాకరణానికి సాక్ష్యం పలుకుతుంది. ఇంకొక వింత చూడండి. రోమన్ నాణేల మీద తరచు కనిపించే బిరుదు ‘ఇంపెరాతోర్’. గురువు, లఘువు, మళ్ళీ గురువు. రెండు గురువుల నడుమ ఒంటి లఘువు హెక్సామీటర్‌లో ఎక్కడా ఇమడదు. లోకాన్నేలిన బిరుదుకు కావ్యంలో చోటు లేదన్నమాట! అందుకని కవులు ‘ఇందుపెరాతోర్’ అన్న పాతరూపాన్ని వాడుకున్నారు. గణం కోసం మాట మార్చుకోవడం మన కవులకే కాదు, వాళ్ళకూ తప్పలేదు.

గణవిభజన చేసి చూపటానికి ఇటలీ పండితులు తయారుచేసిన ‘పేదే చేర్తో’ అనే సాధనం ఇంటర్నెట్‌లో ఉంది. హెక్సామీటర్ పాదాలకు గురులఘువులు గుర్తించి ఇస్తుంది. నా సలహా ఒక్కటే. ముందు మీరు కాగితం మీద చేయండి, తరువాత దానితో పోల్చండి. ముందే దాన్ని చూస్తే చెవి ఎన్నటికీ తయారు కాదు.

4. రాతి మీద ఉన్నదీ, లేనిదీ

ఇప్పుడు నా అసలు కథకు వస్తాను.

లాటిన్ శాసనాలన్నిటినీ ఒక్కచోటికి తేవాలని 1853లో బెర్లిన్ అకాడమీలో మామ్సెన్ అనే పండితుడు ఒక మహాసంపుటాన్ని ప్రారంభించాడు. దానిలో ఇప్పటికి సుమారు 1,80,000 శాసనాలు చేరాయి. ఇంటర్నెట్‌లో క్లౌస్, స్లాబీల పేర్లతో ఉన్న శాసనసంచయంలో అయిదు లక్షలకు పైగా పాఠాలున్నాయి. హైడెల్‌బర్గ్‌లో 1986లో మొదలైన సంచయంలో సేకరణ 2021తో ముగిసినా, అప్పటికి చేరిన సుమారు 80 వేల శాసనాలను చూడవచ్చు. బ్రిటన్ శాసనాలకు ప్రత్యేకంగా ఒక సంచయం ఉంది. మూలం, రేఖాచిత్రం, ఇంగ్లీషు అనువాదం పక్కపక్కనే ఉండటాన కొత్తవారికి అన్నిటికన్నా అదే అనుకూలం. హేడ్రియన్ గోడ దగ్గర విందోలాందా కోటలో దొరికిన పలుచని చెక్కరేకుల ఉత్తరాలు కూడా చదవవచ్చు. క్రీ.శ. 100 ప్రాంతంలో ఒక సైనికాధికారి భార్య తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలిని పిలిచిన ఉత్తరం వాటిలో ఉంది.

శాసనాల్లో సగం సంక్షిప్తాక్షరాలే. రోమ్‌లోని పాంథియోన్ ముఖద్వారం మీద ‘ఎమ్. అగ్రిప్ప ఎల్. ఎఫ్. కోస్. తెర్తియుమ్ ఫేకిత్’ అని ఉంటుంది. ‘లూకియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్ప, మూడోసారి కాన్సల్‌గా ఉండి, కట్టించాడు’ అని అర్థం. ఆ మూడో పదవి క్రీ.పూ. 27వ సంవత్సరానిది. అయితే ఇప్పుడు నిలిచి ఉన్న కట్టడం అగ్రిప్పది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దిలో హేడ్రియన్ కాలాన మళ్ళీ కట్టి, పాత పేరునే నిలబెట్టారు. శాసనాన్ని తప్పులేకుండా చదివినా మోసపోవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

నేనైతే తప్పుగానే చదివాను. రోమన్ సమాజంలో విముక్తి పొందిన బానిసల గురించి మా శాఖ సెమినార్‌లో ఒక పత్రం చదివాను. దానికి ఒక స్త్రీ సమాధి శాసనాన్ని ఆధారంగా తీసుకున్నాను. పేరు తరువాత ‘మార్కుస్ విముక్తదాసి’ అని ఉంది. అటువంటి చోట రాతి మీద ఉండేది రెండక్షరాలే, ‘ఎమ్. ఎల్.’ అని. ‘ఎల్.’ అంటే ‘లీబెర్త’, విడుదలైన దాసి. అదే ‘ఎమ్. ఎఫ్.’ అని ఉంటే ‘మార్కుస్ కూతురు’. నేను ఆ స్త్రీ బానిసగా పడిన పాట్లు, విడుదలైన తరువాత సంపాదించిన గౌరవం, అన్నీ రెండు పేజీల్లో కళ్ళకు కట్టినట్టు వర్ణించాను. మిత్రులు చప్పట్లు కొట్టారు.

మా మాస్టారు మాత్రం తెర మీది పాఠాన్నే చూస్తూ, "ఏమయ్యా, ఈ ‘ఎల్.’ రాతి మీద ఉందా?" అన్నారు.

"ఉంది సార్, పాఠంలో ఉంది గదండీ."

"పాఠంలో సంగతి కాదు. రాతి మీద?"

ఫొటో తెరిచి చూశాం. ‘ఎమ్.’ దగ్గరే రాయి విరిగిపోయి ఉంది. ‘ఎల్.’ చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉన్నాయి. వాటిని నేను అలంకారం అనుకున్నాను! 1931లో లైడెన్ నగరంలో పండితులు కూడి ఏర్పరచుకున్న సంకేతాలవి. గుండ్రటి బ్రాకెట్లలో ఉన్నది సంక్షిప్తాక్షరానికి విస్తరణ. చదరపు బ్రాకెట్లలో ఉన్నది రాతి మీద ఇప్పుడు లేనిది, పండితుడు పూరించినది. అక్షరం కింద చుక్క ఉంటే అనుమానం. చదరపు బ్రాకెట్లు జంటగా ఉంటే, ఒకప్పుడు చెక్కి తరువాత ఉలితో చెరిపేసిన మాట అని అర్థం. క్రీ.శ. 203 నాటి సెప్తిమియుస్ సెవేరుస్ తోరణం మీద చిన్నకొడుకు గేతా పేరు అట్లా పోయింది. 211లో అన్న కారకాల్లా అతన్ని చంపించి పేరు కూడా చెక్కించేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరువు పోయినందుకు కాదు, అదీ కొంత ఉందనుకోండి. ఎప్పుడో చనిపోయిన ఒకామె, తన పేరు నిలవాలని ఎవరో ప్రేమగా చెక్కించిన రాయి. ఆమె ఒక ఇంటి కూతురే అయి ఉండవచ్చు. విరిగిన రాతి మీద లేని ఒక్క అక్షరాన్ని పట్టుకుని నేను ఆమెను బానిసను చేసి, ఆ బానిసత్వానికి కన్నీళ్ళు కూడా కార్చాను. పూరించిన పండితుడు నిజాయితీగా బ్రాకెట్టు పెట్టాడు. దాన్ని చూడనిది నేను.

పత్రాన్ని మళ్ళీ రాశాను. ‘కూతురో, విముక్తదాసియో, రాయి చెప్పటం లేదు’ అని రాసి, ఆ రెండు పేజీలూ కొట్టేశాను. పత్రం చప్పబడింది. మాస్టారు చదివి, "ఇప్పుడు బాగుంది" అన్నారు.

పద్యశాసనాల్లో ఛందస్సు ఇక్కడ కూడా ఆదుకుంటుంది. రాతి మీద పద్యం మనకు కొత్త కాదు గదా. అద్దంకి పండరంగని శాసనంలో తరువోజ, బెజవాడ యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కర ఉన్నాయి. రోమన్ సమాధుల మీద కూడా పద్యాలు చాలా ఉన్నాయి. రాయి విరిగినచోట పోయింది గురువో లఘువో గణం చెబుతుంది. ఆ గణానికి ఇమడని పూరణ, ఎంత పెద్ద పండితుడు చేసినా, నిలవదు. 2025లో గూగుల్ డీప్‌మైండ్ సంస్థవారు పండితులతో కలిసి ‘ఈనియాస్’ అనే కృత్రిమ మేధను విడుదల చేశారు. శాసనాల్లో పోయిన అక్షరాలను అది ఊహించి చెబుతుంది. గొప్ప సహాయమే. కాని అది చెప్పినదానికీ చదరపు బ్రాకెట్లు పెట్టవలసిందే.

5. మొదలుపెట్టేవారికి ఒక క్రమం

మొదటి మూడు నెలలు విభక్తులు, క్రియారూపాలు తప్ప వేరే పని వద్దు. రోజుకు అరగంట చాలు, కాని ఏ రోజూ మానకూడదు. తరువాత నాణేలు, చిన్న సమాధి శాసనాలు పట్టుకోండి. ‘డి. ఎమ్.’ అని మొదట కనిపిస్తే అది చనిపోయినవారి పొడి అక్షరాలు కాదు, ‘పితృదేవతలకు’ అని అర్థం. ‘ఎస్. టి. టి. ఎల్.’ అంటే ‘నీ మీద మట్టి తేలికగా ఉండుగాక’. ఇటువంటివి ఒక యాభై వస్తే వందలాది శాసనాలు వాటంతట అవే విచ్చుకుంటాయి. ప్రతి శాసనానికీ పాఠం, ఫొటో రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఫొటో లేకపోతే లేదని నోట్సులో రాసుకోండి. ఆరు నెలల తరువాత హెక్సామీటర్. తెలుగు శాఖ మిత్రుణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే పని సగమవుతుంది.

ప్రస్తుతం మేము నలుగురం శనివారం సాయంత్రాలు హాస్టల్ మెస్సులో టిఫిన్లయ్యాక కూర్చుంటున్నాం. చరిత్రవాళ్ళం ఇద్దరం, తెలుగు ఒకడు, సంస్కృతం ఒకమ్మాయి. ఒక ల్యాప్‌టాప్, నాలుగు నోటుపుస్తకాలు. మాలో ఎవరికీ పూర్తిగా రాదు గనక ఎవరికీ సిగ్గు లేదు. ఎవరైనా ఒక పాఠం చదవగానే మిగతా ముగ్గురం ముక్తకంఠంతో అడిగే ప్రశ్న ఒకటుంది: "రాతి మీద ఉందా?"

లాటిన్ ఎవరు చదువుతారని అడిగిన సంపాదక మిత్రుడికి ఇదే నా జవాబు. వచ్చే శనివారం రావోయ్, అయిదో కుర్చీ ఖాళీగానే ఉంది.